జర్మనీలో చదువుకి వెళ్తున్నారా? హాస్టలా, డబ్ల్యూజీనా, మనవాళ్ల ఫ్లాటా: ఎవరికి ఏది సరిపోతుంది

అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజు నుంచి ఇంట్లో వీసా మాటే. వీసా వచ్చాక ఫ్లైట్ టికెట్ మాట. ఉండే చోటు సంగతి సూట్‌కేసు సర్దేటప్పుడు గానీ గుర్తుకు రాదు. నేనూ అలాగే వెళ్లాను. మొదటి ఏడు వారాల్లో మూడు గదులు మారాను. వాటిలో రెండింటి అద్దె, తర్వాత రెండేళ్లు ఉన్న గది అద్దె కన్నా ఎక్కువ. మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్లబోతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, వాళ్ల కోసం డబ్బు సర్దుతున్న అమ్మానాన్నలకీ ఆ టెన్షన్ తప్పాలని ఇదంతా రాస్తున్నాను.

## ముందు మీ చేతిలో ఎంత ఉంటుందో చూసుకోండి

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఈ మొత్తం నడుస్తోంది. అందులోంచి నెలకి 992 యూరోలు మాత్రమే బయటికి వస్తాయి. మన డబ్బే అయినా ఆ నెలకి అంతకు మించి తీసుకోలేం. కాబట్టి అద్దె గురించి ఆలోచించడం ఈ 992 దగ్గరే మొదలవ్వాలి.

హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. 30 ఏళ్ల లోపు విద్యార్థులకి ప్రభుత్వ పథకంలో నెలకి సుమారు 145 యూరోలు అవుతుంది. యూనివర్సిటీకి కట్టే సెమిస్టర్ ఫీజు ఊరిని బట్టి మారుతుంది. ఆరు నెలలకి 300 అనుకుంటే నెలకి 50. ఇంట్లో వండుకుంటే తిండికి 200, ఫోన్‌కి 12. టీవీ, రేడియో ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ పడే ప్రసార రుసుము 18.36 యూరోలు. ఇవన్నీ తీసేస్తే దాదాపు 567 మిగులుతుంది. చలికోటు, పుస్తకాలు, మందులు లాంటి చిల్లర ఖర్చులకి ఒక 70 పక్కన పెడితే చేతిలో ఉండేది 500.

అంటే అన్నీ కలిపి 400 లోపు అద్దె ఉంటే ఊపిరి ఆడుతుంది. 500 దగ్గర బిగుతుగా ఉంటుంది. అది దాటితే మొదటి నెల నుంచే పని వెతుక్కోవాలి. జర్మన్ ప్రభుత్వం కూడా తమ విద్యార్థులకిచ్చే బాఫ్యోగ్ సాయంలో ఇంటి అద్దెకి 380 యూరోలే లెక్కేస్తుంది. మ్యూనిక్‌లో షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గదికే 800 దాకా అడుగుతారు. కెమ్నిట్స్, మాగ్డెబుర్గ్, ఇల్మెనావ్ లాంటి ఊళ్లలో 300 దగ్గర దొరుకుతుంది. రెండు మంచి అడ్మిషన్లు చేతిలో ఉండి ఎటూ తేలకపోతే ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోండి. రెండేళ్లకి అది పది లక్షల రూపాయలు దాటుతుంది. తర్వాత ఏ ఖర్చు తగ్గించుకున్నా అంత ఆదా కాదు.

## అద్దె ఒక్కటే చూడకండి

గదిని ఎంచుకునేటప్పుడు నేను నాలుగు విషయాలు చూడమంటాను.

మొదటిది, చెప్పిన అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయి? జర్మనీలో అద్దెకి రెండు పేర్లు ఉంటాయి. కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె. హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిపితే వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ చాలాచోట్ల ఇందులో కూడా ఉండవు. 290 అని చూసి సంబరపడిన గది చివరికి 390 కావచ్చు.

రెండోది, అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా? కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దానికి ఓనరు గానీ, మీకు గది ఇచ్చిన అసలు అద్దెదారు గానీ సంతకం పెట్టిన కాగితం కావాలి. ట్యాక్స్ నంబరు, రెసిడెన్స్ పర్మిట్ ఈ నమోదు మీదే ఆధారపడి ఉంటాయి. బ్యాంకు అకౌంట్‌కి కూడా చాలాసార్లు ఇదే అడుగుతారు. బ్యాంకు అకౌంట్ తెరవకపోతే బ్లాక్డ్ అకౌంట్ డబ్బు చేతికి రావడం ఆలస్యమవుతుంది. నా మొదటి గది చవగ్గా దొరికింది, కానీ అందులో అన్‌మెల్డుంగ్ కుదరదన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న యూరోలు కరిగిపోతుంటే, నా పేరు మీద ఉన్న డబ్బుని ముట్టుకోలేక ఐదు వారాలు గడిపాను. ఆ రోజుల్లో నాన్న ఫోన్ చేసి "ఏమ్మా, ఇల్లు కుదిరిందా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

మూడోది, గదిని ఇండియా నుంచే నమ్మకంగా ఖాయం చేసుకోవచ్చా? నాలుగోది, ఖాళీ చేయాల్సి వస్తే ఎంత సులువు? ఇంటర్న్‌షిప్‌కో థీసిస్‌కో చాలామంది వేరే ఊరు వెళ్తారు. అప్పుడు రెండు చోట్ల అద్దె కట్టాల్సిన పరిస్థితి రాకూడదు.

| ఎంపిక | నెలకి సుమారు (యూరోలు) | అడ్వాన్స్ | అన్‌మెల్డుంగ్ | ఇండియా నుంచే కుదురుతుందా |
|---|---|---|---|---|
| స్టుడీరెండెన్‌వెర్క్ హాస్టల్ | 250–400, చాలావరకు అన్నీ కలిపి | కొన్ని వందలు | అవుతుంది | అవును, వెయిటింగ్ లిస్టు ఉంటుంది |
| డబ్ల్యూజీలో (పంచుకునే ఫ్లాట్‌లో) గది | చిన్న ఊళ్లలో 300–400, పెద్ద నగరాల్లో 550–800 | కాల్ట్‌మీటెకి మూడు రెట్ల దాకా | సాధారణంగా అవుతుంది | కష్టం |
| మనవాళ్ల ఫ్లాట్‌లో వాటా | 200–400 | ఇంటిని బట్టి | అడిగి తేల్చుకోవాలి | తెలిసినవాళ్లుంటే అవును |
| ప్రైవేట్ స్టూడెంట్ అపార్ట్‌మెంట్ | 500–900 | ఒకటి నుంచి మూడు నెలల అద్దె | అవుతుంది | సులువు |
| తాత్కాలిక సబ్‌లెట్ | అసలు అద్దెకి దగ్గరగా | ఇంటిని బట్టి | చాలాసార్లు కుదరదు | కొంతవరకు |

## స్టుడీరెండెన్‌వెర్క్ హాస్టల్

ఇది ప్రతి యూనివర్సిటీ ఊళ్లోనూ హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే సంస్థ. చాలామంది ఇప్పటికీ పాత పేరుతో స్టుడెంటెన్‌వెర్క్ అనే అంటారు. హాస్టల్ అనగానే మన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గుర్తొస్తుంది గానీ ఇది వేరు. ఎవరి గది వాళ్లదే. వంటగది, బాత్‌రూము కొన్నిచోట్ల పంచుకోవాలి, కొన్నిచోట్ల సొంతం. వార్డెన్ ఉండరు, మెస్ ఉండదు.

మొదటి ఏడాదికి నా ఓటు దీనికే. అద్దెలో హీటింగ్, కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు కలిసే ఉంటాయి కాబట్టి నెలాఖరున కొత్త బిల్లు వస్తుందన్న భయం లేదు. మంచం, టేబుల్, బీరువా ఉంటాయి. డబ్ల్యూజీ గదులు చాలాసార్లు ఖాళీగా ఇస్తారు. పాత సామాను కొన్నా మంచం, పరుపు, టేబుల్‌కి 200 యూరోలు ఇట్టే అయిపోతాయి. అన్‌మెల్డుంగ్‌కి కాగితం వాళ్లే ఇస్తారు.

ఉన్న కష్టమల్లా గది దొరకడమే. మ్యూనిక్ లాంటి చోట్ల రెండు, మూడు సెమిస్టర్లు ఎదురుచూడాలి. చిన్న ఊళ్లలో కొన్ని వారాల్లోనే ఇచ్చేస్తారు. కొన్ని ఊళ్లలో అడ్మిషన్ రాకముందే దరఖాస్తు తీసుకుంటారు, కొన్నిచోట్ల లెటర్ అడుగుతారు. మీ ఊరి సంస్థ వెబ్‌సైట్‌లో అదొక్కటి చూసుకుని, వీలైన మొదటి రోజునే దరఖాస్తు పెట్టేయండి. వీసా వచ్చేదాకా ఆగొద్దు. తర్వాత వచ్చే మెయిళ్లకి గడువులోగా జవాబివ్వకపోతే లిస్టులోంచి పేరు తీసేస్తారు. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తూ ఉండండి. ఎలాంటి గది కావాలో అడిగినప్పుడు సొంత బాత్‌రూము ఉన్నదే కావాలని పట్టుపట్టకుండా ఏదైనా పర్లేదని పెడితే త్వరగా దొరికే అవకాశం ఎక్కువ.

ప్రసార రుసుము విషయంలో ఒక చిన్న తేడా ఉంది. వరండా వెంట విడివిడిగా ఉండే హాస్టల్ గదుల్లో ఒక్కో గదిని ఒక్కో ఇల్లుగా లెక్కేస్తారు, అంటే 18.36 మీరొక్కరే కట్టాలి. హాస్టల్‌లోనే నలుగురు కలిసుండే ఫ్లాట్ అయితే నలుగురికీ కలిపి ఒకటే రుసుము.

వంట గురించి కూడా చెప్పాలి. స్మోక్ అలారం ఉన్న వంటగదిలో తలుపు మూసి ఎండుమిర్చి తాలింపు పెట్టకండి. అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉన్న భవనాల్లో బండి వచ్చేస్తుంది, ఆ ఖర్చు మీ మీద పడొచ్చు.

## డబ్ల్యూజీ

ఇద్దరు, ముగ్గురు, నలుగురు ఒక ఫ్లాట్ తీసుకుని, ఎవరి గదిలో వాళ్లుంటూ వంటిల్లు పంచుకోవడమే డబ్ల్యూజీ. డబ్ల్యూజీ-గెజుఖ్ట్ అనే సైట్‌లో రోజూ ప్రకటనలు వస్తాయి. ఇక్కడ ఓనరు కన్నా ముందు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు మిమ్మల్ని ఒప్పుకోవాలి. దానికో చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది, అది ఉద్యోగం ఇంటర్వ్యూ లాంటిది కాదు. మీరేం చదువుతారు, ఏం వండుతారు, రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఇలాంటి మామూలు మాటలే. ఒకే మెసేజ్ వందమందికి పంపితే జవాబులు రావు. ప్రకటన చివరిదాకా చదివి, అందులోని ఒక విషయం పట్టుకుని నాలుగు వాక్యాలు జర్మన్‌లో రాయండి. తప్పులున్నా పర్లేదు.

ఇండియా నుంచి డబ్ల్యూజీ దొరకడం కష్టమే. చాలామంది మనిషిని చూడందే ఇవ్వరు. అందుకే దీన్ని రెండో అడుగుగా పెట్టుకోండి. అక్కడికి వెళ్లి, ఊరు కాస్త అర్థమయ్యాక వెతకండి. అక్టోబర్‌లో పోటీ ఎక్కువ, నవంబర్ చివరికి తగ్గుతుంది. జర్మన్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. క్లాసులో రెండేళ్లలో రాని భాష వంటింట్లో ఆరు నెలల్లో వస్తుంది. ఆ భాషే తర్వాత ఉద్యోగానికి పనికొస్తుంది.

మోసాలు కూడా ఎక్కువ ఇక్కడే. "నేను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్స్ పంపండి, తాళాలు కొరియర్‌లో వస్తాయి" అని ఎవరన్నా ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. ఫోటోలు ఎంత బాగున్నా, పాస్‌పోర్ట్ కాపీ పంపినా సరే. ఇల్లు మీరు గానీ మీకు తెలిసినవాళ్లు గానీ చూడకుండా, కాంట్రాక్టు లేకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు.

## మనవాళ్ల ఫ్లాట్‌లో వాటా

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. "అన్నా, సెప్టెంబర్ 28న దిగుతున్నా, ఎవరి దగ్గరైనా స్పాట్ ఉందా?" అని అడిగితే గంటలో జవాబు వస్తుంది. దిగిన రోజు స్టేషన్‌కి వచ్చి సూట్‌కేసు మోసేది, మొదటి రాత్రి పప్పూ అన్నం పెట్టేది వీళ్లే. నాకూ అలా పెట్టిన ఒక అక్క ఉంది. ఆ ఇంటి పప్పుచారు రుచి ఇప్పటికీ మర్చిపోలేదు.

అంత మంచి మనుషులున్న చోట కూడా కాగితాలు చూసుకోవాలి. రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఉంటే అద్దె 200కి దిగుతుంది. కానీ ఆ ఐదుగురూ ఉన్నారని ఓనరుకి తెలుసా? కాంట్రాక్టులో ఎవరి పేరుంది? ఓనరుకి తెలియకుండా ఉంటే అన్‌మెల్డుంగ్ దగ్గర ఇబ్బంది పడతారు. పైగా ఏ రోజైనా ఖాళీ చేయమనొచ్చు. కొందరు వేరే ఇంటి అడ్రస్ డబ్బుకి ఇప్పిస్తామంటారు. దాని జోలికి అస్సలు వెళ్లకండి. ఉండని ఇంటి అడ్రస్ మీద నమోదు చేసుకోవడం చట్టవిరుద్ధం. అలా అడ్రస్ ఇచ్చినవాళ్లకి 50,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు.

స్నేహితులంతా కలిసి కొత్త ఫ్లాట్ తీసుకుంటే ఇంకో మెలిక ఉంది. అందరూ అసలు అద్దెదారులుగా సంతకం పెడితే మొత్తం అద్దెకి ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఒకరు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయి వాటా కట్టకపోతే, ఓనరు ఆ డబ్బు మిగిలిన వాళ్లలో ఎవర్నైనా అడగొచ్చు. ఒక్కరే సంతకం పెట్టి మిగతావాళ్లకి గదులు ఇస్తే భారమంతా ఆ ఒక్కరిదే. రెండిట్లో ఏది చేసినా, ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, వెళ్లేవాళ్లకి ఎవరు తిరిగివ్వాలి అన్నది మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకోండి. మనవాళ్లే కదా అని మొహమాటపడితే, విడిపోయే రోజున ఆ మొహమాటమే గొడవవుతుంది. అడ్వాన్స్ దగ్గర తెగిపోయిన స్నేహాలు చూశాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

ఇంకొకటి. ఐదుగురున్న గదిలో చదువు సాగదు. జర్మనీలో పరీక్షలు తేలిక కాదు. ఒక సెమిస్టర్ పెరిగితే అయ్యే ఖర్చు, రెండేళ్లలో అద్దె మీద మిగిల్చుకున్న దానికి మించిపోతుంది. మొదటి నెల, రెండు నెలలకి ఈ దారి చాలా మంచిది. రెండేళ్లకి అయితే, సొంత గది ఉంటేనే ఒప్పుకోండి.

## ప్రైవేట్ అపార్ట్‌మెంట్, సబ్‌లెట్, ఇంకో దారి

ప్రైవేట్ స్టూడెంట్ అపార్ట్‌మెంట్ ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో బుక్ అవుతుంది, గది శుభ్రంగా ఉంటుంది. కానీ 992లో ఇమడదు. పైగా చాలా కాంట్రాక్టులు ఆరు నెలలో ఏడాదో కట్టేస్తాయి. ఇంటి నుంచి అదనంగా డబ్బు వచ్చే వీలున్నవాళ్లకీ, అమ్మాయిని ఒంటరిగా పంపడానికి భయపడే తల్లిదండ్రులకీ ఒక సెమిస్టర్ వరకు ఇది సరే. తక్కువ కాలానికి ఇచ్చే చోటు ఉందేమో ముందు అడగండి.

సబ్‌లెట్‌ని అక్కడ త్స్విషెన్‌మీటె అంటారు. ఇంటర్న్‌షిప్‌కో సెలవులకో వెళ్లినవాళ్లు తమ గదిని సామానుతో సహా కొన్ని నెలలు ఇస్తారు. ఫిబ్రవరి, మార్చిలోనూ ఆగస్టు, సెప్టెంబర్‌లోనూ ఇవి ఎక్కువ. దిగడానికి బాగుంటుంది. అన్‌మెల్డుంగ్ కుదురుతుందా, అసలు ఓనరు అనుమతి ఉందా, ఈ రెండూ రాతలో తీసుకోండి.

కొన్ని ఊళ్లలో "వోనెన్ ఫ్యూర్ హిల్ఫె" అనే పద్ధతి ఉంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో గది ఇస్తారు, అద్దెకి బదులు పని సాయం చేయాలి. గది ఒక చదరపు మీటరుకి నెలకి ఒక గంట లెక్క. 15 చదరపు మీటర్ల గదికి నెలకి 15 గంటలన్నమాట. తోటపనో, సరుకులు తేవడమో, కబుర్లు చెప్పడమో ఏదైనా. హీటింగ్, నీళ్ల ఖర్చు మాత్రం మనమే కట్టాలి. మాట్లాడేంత జర్మన్ వచ్చినవాళ్లు తప్పక అడిగి చూడండి.

## మీరు ఎవరు?

లోన్ మీద వెళ్తూ, ప్రతి యూరో లెక్కపెట్టుకోవాల్సినవాళ్లయితే: హాస్టల్‌కి దరఖాస్తు, అది దొరికేదాకా తెలిసినవాళ్ల దగ్గర నెల, రెండు నెలలు. పార్ట్‌టైమ్ సంపాదన మీద ఆశ పెట్టుకుని అద్దె ఎంచుకోకండి. విద్యార్థులకి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసే వీలుంది. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. మినీజాబ్ పరిమితి నెలకి 603, అంటే వారానికి పది గంటల పని. వింటే బాగానే ఉంటుంది. కానీ జర్మన్ రాకుండా చిన్న ఊళ్లో మొదటి సెమిస్టర్‌లోనే పని దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఉద్యోగం చేసి, 30 దాటాక వెళ్తున్నవాళ్లకి ఇన్సూరెన్స్ విద్యార్థి రేటుకి రాదు, ఖర్చు బాగా పెరుగుతుంది. పై లెక్కలో 145 బదులు అసలు రేటు ఎంతో కనుక్కుని, ఆ తేడా అద్దెలో తగ్గించుకోండి. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే కొన్ని హాస్టళ్లలో జంటల ఫ్లాట్లు ఉంటాయి, ముందే అడగాలి.

మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, బెర్లిన్ వెళ్తున్నవాళ్లు నగరం మధ్యలోనే కావాలని పట్టుపట్టొద్దు. రైల్లో 40 నిమిషాల దూరంలో అద్దె తగ్గుతుంది. దేశమంతా తిరిగే డాయిచ్‌లాండ్ టికెట్ 2026లో నెలకి 63 యూరోలు, చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి ఇంకా తక్కువకే వస్తుంది. దూరం వెళ్తే మిగిలేది టికెట్ ఖర్చు కన్నా ఎక్కువో కాదో లెక్క చూసుకోండి.

## చేరిన తర్వాత డబ్బు పోయే చోట్లు

అడ్వాన్స్‌ని అక్కడ కౌత్సియోన్ అంటారు. చట్టం ప్రకారం కాల్ట్‌మీటెకి మూడు రెట్లు మించకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. ఈ సంగతి తెలియక మొత్తం ఒకేసారి కట్టి, మొదటి నెల చేతిలో డబ్బు లేకుండా ఉన్నవాళ్లు చాలామంది. తాళాలు తీసుకునే రోజే గోడల మీద మరకలు, గీతలు, నేల, సింక్, అన్నీ ఫోటోలు తీసి, అప్పగింత కాగితంలో రాయించండి.

హీటింగ్‌కి నెలనెలా కట్టేది అడ్వాన్సు లాంటిదే. ఏడాది చివర వాడకం లెక్కగట్టి, ఎక్కువైతే మళ్లీ బిల్లు పంపుతారు. ఆ ఏడాది ముగిసిన 12 నెలల్లోగా ఓనరు ఆ లెక్క ఇవ్వాలి. చలికాలంలో కిటికీ కొంచెం తెరిచి రోజంతా హీటర్ పెడితే బిల్లు మోగిపోతుంది. అసలు తెరవకుండా గదిలోనే బట్టలారేసి, అన్నం ఉడికిస్తే గోడకి బూజు పడుతుంది, అది అడ్వాన్స్‌లోంచి పోతుంది. రోజుకి రెండు, మూడు సార్లు హీటర్ ఆపి, కిటికీ పూర్తిగా తెరిచి ఐదు, పది నిమిషాలు గాలి ఆడనివ్వండి.

కుక్కర్ తీసుకెళ్తుంటే ఇండక్షన్ మీద పనిచేసే స్టీలుది తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం నిషేధం, కస్టమ్స్‌లో తీసేస్తారు. ఆవకాయ, కందిపొడి చాలు. బియ్యం, పప్పులు టర్కిష్, ఏషియన్ షాపుల్లో దొరుకుతాయి, మిగతావి ఆల్డీ, లిడిల్‌లో. ఆదివారం షాపులు ఉండవు కాబట్టి శనివారమే తెచ్చుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి.

## గది లేకుండానే దిగాల్సి వస్తే

సెప్టెంబర్ దాటినా ఏదీ కుదరకపోతే ప్రయాణం మానుకోనక్కర్లేదు. యూత్ హాస్టల్‌లో వారం బుక్ చేసుకుని దిగండి. కొన్ని ఊళ్లలో సెమిస్టర్ మొదట్లో కొత్త విద్యార్థులకి తాత్కాలికంగా పడకలు ఏర్పాటు చేస్తారు. స్టుడీరెండెన్‌వెర్క్‌నీ, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసునీ, విద్యార్థి సంఘాన్నీ, ముగ్గురినీ అడగండి. తర్వాత అక్టోబర్ రెండో, మూడో వారంలో ఎన్‌రోల్‌మెంట్ కాగితం, పాస్‌పోర్ట్ పట్టుకుని హాస్టల్ ఆఫీసుకి స్వయంగా వెళ్లండి. వీసా ఆలస్యమై రాలేకపోయినవాళ్ల గదులు సరిగ్గా అప్పుడే ఖాళీ అవుతాయి. మెయిల్‌కి రాని జవాబు కౌంటర్ దగ్గర వస్తుంది. మొదటిసారి లేదంటే రెండు రోజులకి మళ్లీ వెళ్లండి. నా గది నాకు దొరికింది అలా నాలుగోసారి వెళ్లినప్పుడే.